వెళ్ళొస్తానని చెప్పని కంప్యూటరు

మంగళవారం సాయంత్రం మా కోడలు చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చి, చంకలో ఉన్న కాగితాల కట్టని నా ముందున్న బల్ల మీద పడేసింది. నేను ఒలుస్తున్న చిక్కుడు గింజలు నాలుగు ఎగిరి కింద పడ్డాయి.

"చెప్పులు," అన్నాను.

"ఉద్యోగమే ఊడేట్టుంది. చెప్పుల సంగతి తర్వాత చూద్దాం అత్తయ్యా."

నాకు గుండె దడ రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పక్కింటి తలుపు గట్టిగా వేసుకున్నా వస్తుంది. ఆ మాట విని, సగం ఒలిచిన కాయ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

మా కోడలు ఆస్పత్రి మందుల గోడౌనులో స్టోరుకీపరు. అక్కడొక చల్లగది ఉంది. వేడి తగిలితే పాడయ్యే మందులన్నీ అందులో పెడతారు. ఆ గది ఎంత చల్లగా ఉందో ఐదు నిమిషాలకోసారి ఒక కంప్యూటరు తనంతట తనే రాసుకుంటుంది. దానికెవరూ చెప్పక్కర్లేదు. అది రాసింది ఎవరూ చదవరు కూడా, ఏదైనా తేడా వస్తే తప్ప. నిన్న, సోమవారం, తేడా వచ్చింది. పొద్దున పదకొండూ ఐదుకి రాసింది. ఆ తర్వాత మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి రాసింది. మధ్యలో రెండున్నర గంటలు ఏమీ లేదు.

"లేకపోతే ఏమయింది?"

"ఆ రెండున్నర గంటలు గది వేడెక్కిందో లేదో తెలీదు. తెలీకపోతే వేడెక్కినట్టే. గది నిండా ఉన్న మందులు పారబోయాలి."

"పారబొయ్యమను. దానికీ నీ ఉద్యోగానికీ ఏమిటి?"

"నేను తలుపు తీసిపెట్టి మర్చిపోయానట. గది వేడెక్కిందట. అది బయటపడకుండా కంప్యూటరు రాయడాన్ని నేనే ఆపేశానట."

"అని ఎవరన్నారు?"

"ఇంకెవరు, వైర్లాయన."

వైర్లాయనంటే ఆ గోడౌనులో కంప్యూటర్లు చూసే మనిషి. మెళ్ళో ఎప్పుడూ ఏదో ఒక వైరు దండలా వేసుకుని తిరుగుతాడని మా కోడలు పెట్టిన పేరది. నాలుగేళ్ళుగా వింటున్నాను, అసలు పేరేమిటో నాకు తెలీదు.

శుక్రవారం పెద్ద మేడం దగ్గర విచారణ. పొరపాటున ఆపేశానని ఒప్పుకుని సంతకం పెడితే బదిలీతో సరిపెడతారు. ఒప్పుకోకపోతే విచారణ పైకి పోతుంది, ఉద్యోగం కిందికి పోతుంది. బదిలీ అయితే రైల్లో ఆరు గంటల దూరంలో ఉన్న ఇంకో గోడౌనుకి. అక్కడ ఉండటానికి ఆడవాళ్ళ హాస్టల్లో ఒక మంచం ఇస్తారు.

"ఒక మంచమా?"

"ఒక మంచం."

ఆమె వంగి కింద పడ్డ గింజలు ఏరింది. నేను చెప్పుల వైపు చూశాను. విసుక్కుంటూ విప్పింది.

కట్టలో ఉన్నది కంప్యూటరు నెల రోజులుగా రాసుకున్నదంతా. సంజాయిషీతో పాటు జతచెయ్యమని వైర్లాయనే అచ్చుతీసి ఇచ్చాడట. నూట నలభై పేజీలు. మా కోడలు పైనున్న రెండు పేజీలు లాగి నా ముందు పెట్టింది.

"ఇవి మీకు. మొదటి రెండూ ఏవో పాత తేదీలు, చెత్త, పారెయ్యమన్నాడు. తొక్కలు పోసుకోండి."

ఒక దాంట్లో చిక్కుడు తొక్కలు పోశాను. రెండోది శుభ్రంగానే ఉంది కదా అని వంటింటి అలమరలో డబ్బాల కింద పరిచాను. కాగితం ముక్క దొరికితే నేను వదలను. నాకు నలభై దాటాక అక్షరాలొచ్చాయి, అవీ కాగితం ముక్కల మీంచే వచ్చాయి. పొట్లాలు, బస్సు బోర్డులు, ఆ తర్వాత మా ఆయన జబ్బు పడ్డప్పుడు మందు డబ్బాలు. డబ్బాల మీద రెండో రకం, ఇంగ్లీషు అక్షరాలుండేవి, అవీ అలాగే పట్టుకున్నాను. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు కాబట్టి అందరిలా గబగబా చదవడం రాదు. వరుస కింద వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పోతాను. మధ్యలో వదిలేసి ముందుకు పోవడం చేతకాదు. అలా పోతే మళ్ళీ ఎక్కడున్నానో తెలీదు.

ఆ సాయంత్రమే కట్ట దగ్గరికి లాక్కున్నాను.

"మీకెందుకవి? కళ్ళు పోతాయి. అన్నీ అంకెలే."

"నీ బదిలీ అందులో ఉందన్నావుగా. చూడనీ."

వరుసకో తేదీ, వేళ, పక్కన నాలుగో ఐదో, అంటే చల్లదనం. నాలుగు, నాలుగు, ఐదు, నాలుగు. పేజీలకు పేజీలు అదే. ఆరు పేజీలు తిరగేసరికి కొత్త మాట తగిలింది. రెండుసార్లు కూడబలుక్కున్నాను.

"అమ్మాయ్, ఈ బూటు ఎవరిది?"

"ఏ బూటు?"

"ఇదిగో, శనివారం సాయంత్రం ఆరింటికి. బూటు అని రాసుంది. ఎవరో బూట్లేసుకుని చల్లగదిలోకి వెళ్ళినట్టున్నారు."

మా కోడలు నుదురు కొట్టుకుంది. "బూటు కాదు, బూట్. కంప్యూటరు ఆగి మళ్ళీ లేచిందని. ప్రతి శనివారం ఆరింటికి వైర్లాయన దాన్ని ఆపి లేపుతాడు. దానికి మంచిదట."

"మరి పైన ఇంకేదో ఉంది. షట్..."

"షట్‌డౌన్. ఆగిపోతున్నానని రాసుకుని ఆగుతుంది."

"చెప్పి ఆగుతుందా?"

"చెప్పే ఆగుతుంది. తెరిచినవన్నీ మూసి, రాయాల్సింది రాసి, అప్పుడు ఆగుతుంది. మళ్ళీ లేవగానే బూట్ అని రాసి, అదీ ఇదీ చూసుకున్నానని ఓ యాభై వరుసలు రాస్తుంది. ఇంక నన్నొదిలెయ్యండి."

"ఆ కంప్యూటరుకున్న పాటి మర్యాద ఈ ఇంట్లో వాళ్ళకి లేదు."

ఆమెకి అర్థమైంది. మూతి తిప్పుకుని వంటింట్లోకి పోయింది.

ఇది మా ఇద్దరి మధ్యా రోజూ ఉండే తగాదా. మా కోడలు పొద్దున్నే మెట్లు దిగుతూ "వెళ్తున్నా" అంటుంది. వెళ్తున్నా అనకూడదు, వెళ్ళొస్తా అనాలి అంటాను. వస్తాగా అంటుంది. వస్తావు కాబట్టే అనాలి అంటాను. తొమ్మిదేళ్ళ కింద మా అబ్బాయి, అంటే ఆమె మొగుడు, ఒక పొద్దున ఆ మెట్లే దిగాడు. వెళ్తున్నా అనలేదు, వెళ్ళొస్తా అనలేదు. ఉతికి ఆరేసిన చొక్కా తీగ మీద తడిగానే ఉంది. తడి చొక్కా వదిలిపెట్టిన మనిషి సాయంత్రానికి వస్తాడనుకున్నాను. చొక్కా ఆరింది, మడత పెట్టాను. ఇప్పటికీ మడత మీదే ఉంది. అంతకుముందు మా ఆయనా అంతే. ఆస్పత్రిలో నేను వేడినీళ్ళ కోసం వరండా చివరికెళ్ళి వచ్చేలోపల అయిపోయింది. కొడుకు వెళ్ళిపోయాక నేను ఎవరింటికీ పోలేదు, కోడలు పొమ్మనలేదు. ఎందుకు పొమ్మనలేదని నేనూ అడగలేదు. అడిగితే గుర్తొస్తుందేమోనని భయం.

బుధవారం ఆమె ఆఫీసుకి వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టాను. షట్‌డౌన్ దగ్గరికి రాగానే పక్కన పెన్సిలుతో 'వెళ్ళొస్తా' అని రాసుకున్నాను. బూట్ పక్కన 'వచ్చా' అని రాసుకున్నాను. నాలుగు శనివారాలు, నాలుగు వెళ్ళొస్తాలు, నాలుగు వచ్చాలు. రెంటికీ మధ్య మూడు నిమిషాలు. ముచ్చటగా అనిపించింది. టీ పెట్టుకోవడం మర్చిపోయాను.

మధ్యాహ్నం మూడింటికి చివరి పేజీ, సోమవారం వచ్చింది. పదకొండూ ఐదు, నాలుగు. దాని కింది వరుసలో ఒంటిగంటా ముప్ఫై ఎనిమిది, 'క్లాక్ కరెక్ట్' అని ఏదో, గడియారం సరిచేసినట్టన్న మాట. దాని కింద ఒంటిగంటా నలభై, ఐదు. అంతే. పైకి కిందికి నాలుగుసార్లు వేలు జరిపాను. అక్కడ వెళ్ళొస్తా లేదు. వచ్చా కూడా లేదు.

కోడలు వచ్చే వరకు ఆగలేక కింద వీధిలోనే నిలబడ్డాను. నన్ను చూడగానే ఆమె మొహం వేలాడేసింది. ఇంట్లో ఏదో అయిందనుకుందట.

"వెళ్ళొస్తానని లేదు," అన్నాను.

"మీకు దణ్ణం పెడతా. ఆఫీసునుంచి ఇప్పుడే వస్తున్నా."

"నీ సంగతి కాదు, కంప్యూటరు సంగతి. సోమవారం షట్‌డౌన్ లేదు. బూట్ కూడా లేదు."

"అదే కదా వైర్లాయన అంటున్నది. కరెంటు పోయుంటే, ఎవరైనా ఆపి వేసుంటే, లేచినప్పుడు బూట్ అని పడేది. పడలేదు కాబట్టి కంప్యూటరు వెలుగుతూనే ఉంది. వెలుగుతున్నదాంట్లో రాసే పనొక్కటే ఎవరో చేత్తో ఆపారు. అక్కడుండేది నేను. ఆపింది నేను."

మెట్లెక్కుతూ ఆగి, గొంతు తగ్గించింది. "ఇంకోటి చెప్పనా. సోమవారం పదకొండు దాటాక నా పెన్ను బల్ల కింద పడింది. బల్ల జరిపి తీసి, మళ్ళీ గోడకి నెట్టాను. వైరు నా కాలికి తగిలి ఊడి, బల్ల నెట్టగానే మళ్ళీ తగులుకుందేమోనని మొదట నేనే భయపడ్డాను. ఊడుంటే బూట్ ఉండాలిగా అన్నాడు. అది కూడా లేదు. వైరు ఊడి ఉన్నా బాగుండేది, అత్తయ్యా. కనీసం దొంగ అనరు."

వైరు ఊడింది. అంటే చెప్పకుండా పడిపోయింది. చెప్పకుండా పడిపోయినదానికి వెళ్ళొస్తా ఉండదు. కానీ లేచాక వచ్చానని రాయకుండా ఎలా ఉంటుంది? శనివారాలన్నీ వచ్చీ రాగానే ఒళ్ళు విరుచుకుంటూ యాభై వరుసలు రాసే యంత్రం అది.

"మరి గడియారం సరిచెయ్యడమేమిటి? ఎవరు చెడగొట్టారని సరిచేశారు?"

"ఏమో. దాని గడియారం అది బయట ఇంటర్నెట్ లైన్లోంచి అడిగి దిద్దుకుంటుందట."

"ఎంత తప్పుంటే దిద్దుకుంది?"

ఆమె తలుపు తీసి, చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగింది. నేను కట్ట తిరగేసి మొదటి పేజీ చూపించాను. కింద మూలన పేజీ నంబరు మూడు.

"ఒకటీ రెండూ ఏవి?"

"చెత్త అన్నాడుగా. మీకే ఇచ్చాను."

"నేను చదవలేదు."

"తొక్కలు పోసుకునే కాగితం చదువుతారా ఎవరైనా?"

"నేను చదువుతాను. ఎందుకో నిన్న చదవలేదు. నీ కంగారు నాకంటించావు."

అలమరలో డబ్బాలన్నీ దింపాం. పదమూడు డబ్బాలు. కిందున్నది రెండో పేజీ. దాని మీద వరుసగా అన్నీ ఐదు నిమిషాల తేడాతో నాలుగులూ ఐదులూ. తేదీ మాత్రం మొదటి నెల మొదటి తేదీ, పదమూడేళ్ళ కిందటిది.

"చూశారా, పాతవి," అంది కోడలు.

"మీ చల్లగది ఎప్పుడు కట్టారు?"

"ఏడేళ్ళయింది."

"గదే లేనప్పుడు గది చల్లగా ఉందని ఎవరు రాశారు?"

మా కోడలు ఆ కాగితం నా చేతిలోంచి లాక్కుంది. చదివింది. బల్ల దగ్గరికి పోయి దీపం కింద పెట్టుకుని మళ్ళీ చదివింది. ఆ తర్వాత నా వైపు చూసి మెల్లగా అడిగింది.

"ఒకటో పేజీ ఏదీ?"

"తొక్కలతో పారేశాను."

"ఎక్కడ?"

"ఇంకెక్కడ, కింద డ్రమ్ములో. పొద్దున్నే బండివాడొచ్చి తీసుకుపోతాడు. ఇవాళ రాలేదులే."

"నేను ఆఫీసు బట్టల్లో డ్రమ్ములోకి దిగనండీ."

"అయితే నేను దిగుతాను."

"మీరు దిగితే మిమ్మల్ని పైకి తీసేది ఎవరు?"

చివరికి ఆమే వంగింది. ఎదురింటివాళ్ళు కిటికీ తెరిచి చూశారు. ఏం పోగొట్టుకున్నారని అడిగారు. "కోడలి ఉద్యోగం," అన్నాను. మా కోడలు డ్రమ్ములోంచే "అత్తయ్యా," అని పళ్ళు కొరికింది. రెండు నిమిషాలు వెతికి, టీపొడి మరకలతో, నారలు అంటుకున్న కాగితం పైకి తీసింది. వీధి దీపం కిందే చదివాం. మొదటి వరుస, పదమూడేళ్ళ కిందటి మొదటి తేదీ, అర్ధరాత్రి సున్నా గంటల సున్నా నిమిషాలు. బూట్. కింద ఒళ్ళు విరుచుకున్న యాభై వరుసలు.

"వచ్చింది," అన్నాను. "వచ్చింది కానీ ఏ రోజో తెలీకుండా వచ్చింది."

ఇంట్లోకొచ్చాక చిక్కుడు గింజలు పెట్టుకుని లెక్కపెట్టాను. రెండో పేజీలో వరుసకో గింజ. ఇరవై తొమ్మిది. పదకొండూ పది నుంచి ఒంటిగంటా ముప్ఫై ఐదు వరకు ఐదేసి నిమిషాలు లెక్కపెడితే ముప్ఫై రావాలి. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిదే.

"ఒకటి తక్కువొచ్చింది," అన్నాను.

"పోనివ్వండి అత్తయ్యా. ఒకటేగా."

"నీ మీద నింద వేసేవాడికి ఆ ఒక్కటి చాలు."

"పడి లేవడానికి ఐదారు నిమిషాలు పడుతుందిగా. పడున్నప్పుడు ఎలా రాస్తుంది?"

అప్పుడు గానీ నేను గింజలు గిన్నెలో వెయ్యలేదు.

గురువారం ఆమె వైర్లాయనకి చెప్పబోతే, తేదీల వారీగా సర్ది ఇచ్చాను, ఇంకేం కావాలి అన్నాడట, అన్నం డబ్బా మూత తీస్తూ. సంతకం కాగితం సాయంత్రం బల్ల మీద పెట్టాడట. శుక్రవారం పొద్దున కోడలు చీర సర్దుకుంటూ అంది, "నేను మాట్లాడితే కోపమొస్తుంది. కోపమొస్తే ఏడుపొస్తుంది. మీరొస్తారా?"

నేను అప్పటికే చీర మార్చుకుని కూర్చున్నాను.

గోడౌను రెండో అంతస్తులో పెద్ద మేడం గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక గోడ గడియారం. పెద్ద మేడం నాకంటే పదేళ్ళు చిన్నది, కళ్ళజోడు తాడుకి కట్టుకుంది. వైర్లాయన నిలబడే ఉన్నాడు. మెళ్ళో నల్లవైరు. సంతకం కాగితం బల్ల మధ్యలో ఉంది. మూత తీసిన పెన్ను దాని మీదే పెట్టారు.

"ఈవిడెవరు?" అంది పెద్ద మేడం.

"మా అత్తయ్యండి. ఈ కట్టంతా చదివిన మనిషి ఈవిడొక్కరే."

వైర్లాయన నవ్వాడు. "అందులో చదవడానికేముందమ్మా?"

"నువ్వు చదవలేదుగా, నీకెలా తెలుసు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

రెండు కాగితాలూ బల్ల మీద పెట్టాను. టీపొడి వాసన వచ్చింది. పెద్ద మేడం ముక్కు మీదికి కళ్ళజోడు తెచ్చుకుంది. నేను వేలు పెట్టి ఒక్కో వరుసే చూపించాను. శనివారం వెళ్ళొస్తా, శనివారం వచ్చా. సోమవారం రెండూ లేవు. ఇదిగో వచ్చా, పదమూడేళ్ళ కింద. ఇదిగో ఆ తర్వాతి చల్లదనం, ఇరవై తొమ్మిది సార్లు. ఇదిగో గడియారం దిద్దుకున్న వేళ, ఒంటిగంటా ముప్ఫై ఎనిమిది.

"ఈ వెళ్ళొస్తా, వచ్చా ఏమిటి?" అంది మేడం.

"షట్‌డౌనూ బూటూ మేడం. మా అత్తయ్య భాష అది," అంది కోడలు.

మేడం రెండు పేజీలూ తనే మళ్ళీ చూసింది. తర్వాత వైర్లాయన వైపు తిరిగింది. "కంప్యూటరు రాసినప్పుడు ఇవి ఈ వరుసలోనే ఉన్నాయా?"

"తేదీల ప్రకారం సర్దానండి. చూడ్డానికి బాగుంటుందని."

"నేనడిగింది అది కాదు. రాసినప్పుడు దేని తర్వాత ఏది రాసింది?"

అతను తన చిన్న కంప్యూటరు తెరిచి, ఏదో నొక్కి, తెర కిందికి జరిపాడు. జరుపుతూ జరుపుతూ ఆగిపోయాడు. మెళ్ళో వైరు సరిచేసుకున్నాడు.

"సోమవారం పదకొండూ ఐదు కిందే ఉందండి. బూట్."

"అంటే?"

"వైరు ఊడినప్పుడు కూడా గడియారం నడిచేలా లోపల బిళ్ళంత బ్యాటరీ ఉంటుందండి. అది అయిపోయినట్టుంది. కరెంటు పోగానే గడియారం మొదటికెళ్ళిపోయింది, మళ్ళీ రాగానే కంప్యూటరు తనంతట తనే లేచింది. శనివారాలు ఆపినప్పుడు కరెంటు ఉంటుంది కాబట్టి తెలీలేదు."

"లేవగానే గడియారం ఎందుకు దిద్దుకోలేదు?"

"బయట లైను పెట్టె కూడా అప్పుడే ఆగిందండి. అది తనంతట తను లేవదు. నేను..." గోడ వైపు చూశాడు. "భోజనం తర్వాత వేశాను."

"రెండున్నర గంటల భోజనమా?" అంది మా కోడలు.

"మధ్యలో బ్యాంకు పనుంది."

పెద్ద మేడం రెండో పేజీ మీద పెన్నుతో తనే లెక్కపెట్టింది. "ఇరవై తొమ్మిది. ముప్ఫై ఉండాలి."

"పడి లేవడానికి ఐదు నిమిషాలు," అన్నాం నేనూ కోడలూ ఒక్కసారే.

మేడం పెన్ను కింద పెట్టింది. ఎక్కడా ఐదు దాటలేదు. మందులు చల్లగానే ఉన్నాయి. సంతకం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేసింది. ఇక లేద్దామని కుర్చీ చేతులు పట్టుకున్నాను.

"మేడం," అంది మా కోడలు. "నేను బల్ల జరిపానండి సోమవారం. వైరు నా కాలికే తగిలిందేమో."

ఈ పిల్లకి బుద్ధి ఎవరు చెప్పాలి? చీర కొంగు పట్టి లాగాను. కదల్లేదు.

"కరెంటు పోయిందా, కాలు తగిలిందా, ఇందులో తెలుస్తుందా?" అని మేడం వైర్లాయన్ని అడిగింది.

"తెలీదండి. ఎలా పోయినా ఒకేలా ఉంటుంది. చెప్పి ఆగలేదని మాత్రమే తెలుస్తుంది."

"లైను పెట్టెకీ కంప్యూటరుకీ ఒకే వైరా?"

"ఒకే బోర్డండి. బల్ల కింద."

"కాళ్ళు తగిలే చోట పెట్టింది నువ్వే కదా. సాయంత్రానికి గోడెక్కించు. బ్యాటరీ మార్చు. ఇంకెప్పుడూ తేదీల వారీగా సర్ది నాకివ్వకు."

బయటికొచ్చాక వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. మా కోడలు లోపలికి పనికెళ్ళిపోయింది. వైర్లాయన వచ్చి, నా పక్కన నిలబడి, ఏం చెయ్యాలో తెలీక జేబులోంచి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. అప్పుడే ఊడదీసిన బ్యాటరీ. బొత్తామంత ఉంది.

"ఇది అయిపోతే అంత గొడవా?" అన్నాను.

"అంతేనమ్మా. మిగతాదంతా బానే ఉంటుంది. లేస్తుంది, పనిచేస్తుంది. ఏ రోజో మాత్రం తెలీదు."

ఎలా పోయినా ఒకేలా ఉంటుందన్న మాట బస్సులో కూడా నా వెంటే వచ్చింది. తొమ్మిదేళ్ళుగా నేను మా అబ్బాయి చెప్పకుండా వెళ్ళాడనే చదువుకుంటున్నాను. వెళ్ళాలనే వెళ్ళాడా, వాడి కాలికేదైనా తగిలిందా, ఆ తడి చొక్కాలో నాకెప్పుడూ కనపడలేదు. ఇకముందు కనపడుతుందని కూడా కాదు. కట్టలో లేనిది ఎన్నిసార్లు వేలు జరిపినా దొరకదు. నాకు విసుగొచ్చింది, వాడి మీద కాదు, నా వేలి మీద.

మరో సంగతి కూడా ఆ బస్సులోనే తట్టింది. పొద్దున ఆమె ఏమంటుందో మాత్రమే రోజూ విన్నాను. తొమ్మిదేళ్ళుగా సాయంత్రం ఆరుంపావుకి ఆమె చెప్పులు మెట్ల మీద చప్పుడు చేస్తూ వస్తాయి. ఆ వరుసని నేనెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

సోమవారం పొద్దున కోడలు ఎప్పటిలా ఆలస్యంగా లేచి, ఎప్పటిలా దువ్వెన కనపడక నన్నడిగి, ఎప్పటిలా సగం టీ వదిలేసి, మెట్లు దిగుతూ "వెళ్తున్నా," అంది.

నేనేమీ అనలేదు. గిన్నె కడుగుతున్నాను.

మెట్ల చప్పుడు ఆగింది. నాలుగు మెట్లు మళ్ళీ పైకి వినిపించాయి. గుమ్మంలో తల పెట్టింది.

"ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉంది."

"మరి ఇవాళ ఏమీ అనలేదేం?"

"ఏమనాలి? వస్తావుగా."

"వస్తాను. అయినా అనాలిగా. తొమ్మిదేళ్ళు రోజూ అని, ఇవాళ మానేస్తే నేనేమనుకోవాలి? బస్సు ఎక్కాక కూడా అదే ఆలోచిస్తూ కూర్చోవాలా?"

"నీకు ఆలస్యమవుతోంది."

"అయితే త్వరగా అనండి మరి," అని గడపకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. అంటే గానీ కదిలేలా లేదు. తడి చేతులు కొంగుకి తుడుచుకుని గుమ్మం దాకా వచ్చాను.